పేజీ నుంచి పాఠానికి

ఒక పరిశోధన పత్రిక కాగితం వదిలి కంప్యూటర్‌లోకి మారిందని వింటే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇప్పుడు ఆ పత్రికకు అసలు ప్రతి ఏది? తెర మీద కనిపించే పేజీయా, ఆ పేజీని పుట్టించిన పాఠమా? గత యాభై ఏళ్లలో శాస్త్ర సాంకేతిక పత్రికల ప్రచురణలో వచ్చిన మార్పంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. పేజీనే అసలు అనుకున్న పత్రికలకు కాగితం ఖర్చు, తపాలా ఖర్చు మిగిలాయి. పాఠాన్ని అసలుగా పెట్టుకుని, అందులో ఏది శీర్షిక, ఏది సమీకరణం, ఏది ఆధారసూచిక అని గుర్తులు వేసి దాచుకున్న పత్రికలకు వెతికే వీలు, లింకులు, చదివి వినిపించే సదుపాయం, తప్పు దొరికితే అన్ని రూపాల్లోనూ ఒకేసారి దిద్దుకునే అవకాశం ఒక్కొక్కటిగా దక్కాయి. మన దేశపు పత్రికల్లో చాలా వరకు ఇంకా మొదటి గట్టునే ఉన్నాయని నా అభిప్రాయం.

కాగితం రోజుల్లో వ్యాసం ఎలా ప్రయాణించేదో తెలిస్తే తప్ప మారిందేమిటో అర్థం కాదు. 1970ల్లో మన విశ్వవిద్యాలయాల్లోని గణిత, భౌతికశాస్త్ర అధ్యాపకులు విదేశీ పత్రికకు వ్యాసం పంపాలంటే ముందు టైపు కొట్టించేవారు. మిషన్‌లో లేని గ్రీకు అక్షరాలు, సమాకలన చిహ్నాలు చేత్తో నింపేవారు. రెండు మూడు ప్రతులు ఎయిర్‌మెయిల్‌లో వెళ్లేవి. సంపాదకుడు వాటిని వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఉన్న సమీక్షకులకు పంపడం, వాళ్ల ఉత్తరాలు తిరిగి రావడం, సవరించిన ప్రతి మళ్లీ సముద్రాలు దాటడం, వీటికే నెలలు పట్టేది. అంగీకారం వచ్చాక కాపీ ఎడిటర్ ప్రతి చిహ్నం పక్కన పెన్సిలుతో సూచనలు రాసేవాడు: ఇది ఇటాలిక్, ఇది బోల్డు, ఇది గ్రీకు న్యూ, ఇంగ్లీషు వీ కాదు. ఆ కాగితాలు కంపోజింగ్ గదికి వెళ్లేవి. గ్యాలీ ప్రూఫులు తపాలాలో రచయిత దగ్గరికి వచ్చి, దిద్దుబాట్లతో తిరిగి వెళ్లేవి. అచ్చయిన సంచిక ఓడ తపాలాలో మన లైబ్రరీ చేరేసరికి, అందులోని ఫలితం మీద బయటి ప్రయోగశాలలు అప్పటికే మరో అడుగు వేసి ఉండేవి.

ఈ దారిలో అన్నిటికన్నా ఖరీదైన మజిలీ సమీకరణం. మామూలు వాక్యాలను మోనోటైప్ యంత్రం చకచకా పోత పోసేది. భిన్నం మీద భిన్నం, దాని లోపల వర్గమూలం, పక్కన ఎగువ దిగువ అంకెలు వచ్చేసరికి, చేయి తిరిగిన కంపోజిటర్ కూర్చుని సీసపు ముక్కలు పేర్చి ఖాళీలు బిగించాల్సి వచ్చేది. అమెరికా ముద్రణాలయాలు ఇలాంటి రాతప్రతిని పెనాల్టీ కాపీ అనేవి, అదనపు రేటు వేసేవి. తర్వాత ఫొటో కంపోజింగ్ వచ్చి సీసాన్ని పక్కకు నెట్టింది. ఖర్చు తగ్గింది, దాంతోపాటు గణితం పేజీ నాణ్యతా తగ్గింది. సంఖ్య చిహ్నాన్ని ఆనుకుని, చిహ్నం గీతను తగిలి, చదివే కన్నుకు అడ్డు పడేది.

ఆ నాణ్యత తగ్గడం ఒక రచయితను కదిలించింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డోనల్డ్ నూత్ 1977లో తన పుస్తకం రెండో సంపుటం కొత్త ముద్రణకు వచ్చిన గ్యాలీ ప్రూఫులు చూసి, ఇలాంటి అచ్చులో తన పుస్తకం రాకూడదనుకున్నాడు. అదే రోజుల్లో డిజిటల్ యంత్రం మీద కూర్చిన వేరే పుస్తకం ప్రూఫులు ఆయన కంటపడ్డాయి. ఆ యంత్రంలో అక్షరమంటే సున్నాలూ ఒకట్లూ: ఇక్కడ సిరా ఉంటుంది, ఇక్కడ ఉండదు. అలాంటప్పుడు అచ్చుకూర్పు సమస్య కంప్యూటర్ శాస్త్రజ్ఞుడి సమస్యే. 1978 జనవరిలో అమెరికన్ మాథమాటికల్ సొసైటీ సభలో ఇచ్చిన గిబ్స్ ఉపన్యాసంలో, ఆ సొసైటీ పత్రికల పేజీలనే నమూనాలుగా చూపించి గణిత ముద్రణ ఎలా మారుతూ వచ్చిందో వివరించాడు. అచ్చుకూర్పు కోసం తాను రాయబూనిన టెక్ అనే ప్రోగ్రాం ఏడాది సెలవులో అయిపోతుందనుకున్నాడు. పూర్తిగా ఒక కొలిక్కి రావడానికి పదేళ్ల దాకా పట్టింది. ప్రోగ్రాంను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ కట్టాడు. ఇక రచయిత ఇక్కడ ఇంత ఖాళీ వదులు, ఇక్కడ అక్షరం పెంచు అని చెప్పనక్కర్లేదు. ఇది విభాగం, ఇది సిద్ధాంతం, ఇది నిరూపణ అని చెబితే చాలు.

ఈ మార్పు లోతు చాలామంది ప్రచురణకర్తలకు వెంటనే అర్థం కాలేదు. టెక్ ఫైలు మామూలు అక్షరాల వరస. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, ఈమెయిల్లో వెళ్తుంది. వ్యాసం అసలు ప్రతి ముద్రణాలయం నుంచి రచయిత బల్ల మీదికి వచ్చేసింది. దీని ఫలితం 1991 ఆగస్టులో కనిపించింది. లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ హై ఎనర్జీ ఫిజిక్స్ సిద్ధాంత వ్యాసాల కోసం ఒక కంప్యూటర్ పెట్టాడు. ఆర్కైవ్ అని ఇప్పుడు ప్రపంచం పిలిచే భాండాగారం అదే, 2001లో కార్నెల్‌కు మారింది. అంతకుముందు ముందస్తు ప్రతులు కాగితం మీద వెళ్లేవి, అవీ పేరున్న సంస్థలకు, పరిచయమున్న చిరునామాలకు. ఆ జాబితాలో లేని వారు పత్రిక వచ్చేదాకా ఆగాలి. ఆర్కైవ్ వచ్చాక ప్రిన్స్‌టన్‌లో ఉన్నవాడూ వాల్తేరులో ఉన్నవాడూ ఒకే ఉదయం ఒకే వ్యాసం చదవగలిగారు. నెట్ కనెక్షన్ ఉండాలి, అంతే. మన దేశపు పరిశోధకులకు ఎలక్ట్రానిక్ ప్రచురణ చేసిన మేలుల్లో దీన్ని మించింది లేదని నా నమ్మకం.

ఆర్కైవ్ చేసిన మరో మంచి పని అంతగా చర్చకు రాలేదు. టెక్‌లో రాసిన వ్యాసమైతే తయారైన పేజీ ఒక్కటీ ఇస్తే తీసుకోలేదు, మూలం ఫైలే ఇమ్మంది. ఆ పట్టుదల విలువ 2023 చివర్లో బయటపడింది. కొత్తగా వచ్చే టెక్ వ్యాసాలను వెబ్ పేజీలుగా, ఫోన్ తెరకు సర్దుకునేలా, సమీకరణాలు సమీకరణాలుగానే ఉండేలా చూపించడం అప్పుడు మొదలైంది. మూలం చేతిలో ఉంది కనుక పాతవాటినీ అలా మార్చే దారి తెరుచుకుంది. పేజీలు మాత్రమే దాచుకున్నవారికి ఆ దారి లేదు.

వాణిజ్య ప్రచురణకర్తలు మొదట వేరే గట్టున ప్రయత్నించారు. ఎల్స్‌వియర్ 1991 నుంచి 1995 దాకా తొమ్మిది అమెరికా విశ్వవిద్యాలయాలతో కలిసి ట్యూలిప్ అనే ప్రయోగం చేసింది. పదార్థశాస్త్ర పత్రికల పేజీలను స్కాన్ చేసి, బొమ్మలుగా విశ్వవిద్యాలయాలకు పంపి, అక్కడి నెట్‌వర్కుల మీద చూపించాలన్నది ఆలోచన. ఆనాటి డిస్కులకు, తీగలకు ఆ బొమ్మల బరువు తలకు మించిన భారమైంది. జేస్టోర్ అనే పత్రికల భాండాగారం కూడా 1995లో స్కానింగుతోనే మొదలైంది, కానీ అక్కడ స్కానింగు సరైన నిర్ణయం. వాళ్లు చేపట్టింది పాత సంపుటాలు. సీసంతో అచ్చయిన 1920ల పేజీకి మూలం ఫైలు ఎక్కడిది? నాణ్యమైన బొమ్మ తీసి, దాని వెనక యంత్రం గుర్తించిన అక్షరాలను వెతకడానికి పెట్టారు. ఉన్న పేజీని కాపాడడం వేరు, రేపు రాబోయే సంచికను పేజీగా పుట్టించడం వేరు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే చాలా పత్రికలు కొత్త సంచికలను కూడా పాత సంచికల్లా చూసుకున్నాయి.

1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ ఆ అలవాటును గట్టి చేసింది. అది ఎందుకు గెలిచిందో సులభంగానే తెలుస్తుంది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా ఉంటుంది, ప్రింటు తీస్తే అచ్చు పత్రికలా వస్తుంది, పేజీ సంఖ్య చెప్పి ఉటంకించవచ్చు. కాగితం మీద నమ్మకం ఉన్న సంపాదక వర్గాలకు అది భయం లేని మెట్టు. పాఠకుడిగా నేను కూడా పెద్ద వ్యాసం చదవాలంటే ఇప్పటికీ పీడీఎఫే తెరుస్తాను. అయితే పీడీఎఫ్‌కు సహజంగా తెలిసింది ఒక్కటే: ఈ అక్షరం ఈ చోట ఉండాలి. ఇది పేరా, ఇది పట్టిక, ఇది ఆ పట్టికలోని మూడో నిలువు వరస అని విడిగా చెబితే తప్ప దానికి తెలియదు. రెండు కాలమ్‌ల వ్యాసం నుంచి నాలుగు వాక్యాలు కాపీ చేసి చూస్తే సగం వాక్యం ఇటునుంచి, సగం అటునుంచి వచ్చి కలిసిపోవడం అందుకే.

పాఠానికి గుర్తులు వేయాలన్న ఆలోచన వ్యాపార సంస్థల దస్తావేజుల నుంచి వచ్చింది. ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ బృందం మొదలుపెట్టిన పని 1986లో ఎస్‌జీఎమ్‌ఎల్ అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. అది బలమైనదే, కానీ బరువైనది. 1998లో దాని తేలిక రూపం ఎక్స్‌ఎమ్‌ఎల్ వచ్చింది, అదే ఏడాది గణితానికి మాథ్‌ఎమ్‌ఎల్ వచ్చింది. 2003లో అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ పత్రికా వ్యాసాల కోసం ఒక గుర్తుల పట్టీ విడుదల చేసింది. అది 2012లో జాట్స్ అనే ప్రమాణంగా స్థిరపడింది. రచయిత పేరు, సంస్థ, సారాంశం, ప్రయోగ పద్ధతి, బొమ్మ కింది వాక్యం, నిధులిచ్చిన వారు, ప్రతి దానికీ అందులో ఒక చోటు ఉంది.

ప్రమాణం ఉన్నంత మాత్రాన పని మారదు. ఇక్కడే సంపాదకులు ఎక్కువగా మోసపోయే విషయం ఉంది. చాలా పత్రికలు ముందు పేజీ కూర్చి, పీడీఎఫ్ ఖరారు చేసి, ఆ తర్వాత దాన్నుంచి ఎక్స్‌ఎమ్‌ఎల్ తీయిస్తాయి. బయటికి రెండూ ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక వైద్య పత్రికలో చివరి నిమిషంలో మందు మోతాదులో దశాంశ బిందువు తప్పు పడిందని రచయిత చెప్పారనుకుందాం. కూర్పరి పేజీలో దిద్దుతాడు. ఎక్స్‌ఎమ్‌ఎల్ అప్పటికే వెళ్లిపోయి ఉంటే, పీడీఎఫ్‌లో ఒక మోతాదు, వెబ్‌లో మరో మోతాదు. రెండూ ఆ పత్రిక పేరుతోనే ఉంటాయి. దీనికి మందు ఒకటే: రాతప్రతి అందగానే గుర్తుల పాఠంగా మార్చడం, కాపీ ఎడిటింగ్ అందులోనే చేయడం, పీడీఎఫ్‌నూ వెబ్ పేజీనీ దాన్నుంచే పుట్టించడం. రచయిత ప్రూఫు దిద్దేదీ బ్రౌజర్‌లో ఆ పాఠం మీదే. మొదట్లో ఖర్చెక్కువ, సిబ్బందికి కొత్త శిక్షణ కావాలి, పాత కూర్పరులకు తమ చేతిలోని పేజీ జారిపోయినట్టుంటుంది. అయినా మరో దారి లేదని ఇన్నేళ్ల అనుభవం చెబుతోంది.

ఈ పని ఎవరు చేశారన్నది మనకు దగ్గరి విషయం. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, న్యూయార్క్ పేర్లతో వచ్చే పత్రికల పేజీల్లో పెద్ద భాగం చెన్నై, పుదుచ్చేరి, బెంగళూరు, తిరువనంతపురం ఆఫీసుల్లో తయారవుతుంది. మాక్మిలన్ బెంగళూరు శాఖతో మొదలైన దారి పట్టుకుని, ఇంగ్లీషు చదువుకున్న వేల మంది కాపీ ఎడిటర్లుగా, కూర్పరులుగా, మార్కప్ పనివారుగా చేరారు. తిరువనంతపురంలో 1998లో టెక్ వాడేవారి భారతీయ సంఘం ఏర్పడింది, 2002లో ఆ ఊరే టెక్ అంతర్జాతీయ సమావేశానికి ఆతిథ్యమిచ్చింది. ఎల్స్‌వియర్‌కు వ్యాసాలు పంపే రచయితలు ప్రపంచమంతా వాడే లేటెక్ నమూనా తయారైంది ఆ ఊళ్లోనే. ప్రూఫు అంచున ఏక్యూ1, ఏక్యూ2 అని రచయితను అడిగే ప్రశ్నలు చూడండి. ఈ ఆధారసూచికలో సంవత్సరం లేదు, ఈ బొమ్మను పాఠంలో ఎక్కడా ప్రస్తావించలేదు, పట్టికలో కూడిక సరిపోవడం లేదు. వ్యాసాన్ని అక్షరం అక్షరం చదివిన ఒక మనిషి అడిగిన ప్రశ్నలవి. ఆ మనిషి పేరు వ్యాసంలో ఎక్కడా ఉండదు. సంపాదకుడికీ సమీక్షకుడికీ దక్కే గౌరవంలో కొంతైనా ఆ పనికి దక్కాలి.

గుర్తుల పాఠం వల్ల వచ్చిన లాభాల్లో అందరికీ కనిపించేది లింకు. 2000లో ప్రచురణకర్తలు కలిసి క్రాస్‌రెఫ్ పెట్టుకున్నారు. ప్రతి వ్యాసానికీ డీఓఐ అనే శాశ్వత సంఖ్య, ప్రతి ఆధారసూచిక నుంచీ ఆ సంఖ్యకు దారి. ఒకరి పత్రిక నుంచి పోటీదారుడి పత్రికకు క్షణంలో వెళ్లే ఏర్పాటు అది. సంచిక అనే కట్ట కూడా దీంతో సడలింది. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ తన శాస్త్ర పత్రికను మొదలుపెట్టిన నాటి నుంచి పత్రిక అంటే కొన్ని వ్యాసాల కట్ట. ఇప్పుడు వ్యాసం సిద్ధమైన రోజే ఒంటరిగా బయటికొస్తుంది. 2001 నాటికి ఫిజికల్ రివ్యూ పత్రికలు పేజీ సంఖ్యల బదులు వ్యాస సంఖ్యలు వాడడం మొదలుపెట్టాయి.

వ్యాసానికి తోడుగా దత్తాంశ ఫైళ్లు పెట్టే వీలూ వచ్చింది, అక్కడ మాత్రం పత్రికల కాపలా బలహీనం. జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో పెడితే అది సెప్టిన్ 2 సంక్షిప్తనామాన్ని సెప్టెంబర్ 2గా మార్చేస్తుంది. అలాంటి జాబితాలు జోడించిన వ్యాసాల్లో దాదాపు అయిదో వంతులో ఈ తప్పులున్నాయని 2016లో తేలింది. 2020 నాటికి జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. వ్యాసం పాఠానికి చేసిన పరీక్ష దాని తోక ఫైళ్లకూ చేయాలి.

గుర్తుల పాఠం ఎవరికి ప్రాణావసరమో చెప్పకుండా ఈ సమీక్ష ముగించలేను. చూపు లేని పాఠకుడికి బొమ్మగా పెట్టిన సమీకరణం ఒక మూసిన తలుపు. టీ.వీ. రామన్ చూపు లేని భారతీయ శాస్త్రజ్ఞుడు. కార్నెల్‌లో 1994లో పీహెచ్‌డీ కోసం ఆస్టర్ అనే వ్యవస్థ తయారుచేశాడు. అది లేటెక్ వ్యాసాన్ని తీసుకుని, ఘాతాంకం వస్తే స్వరం పెంచి, దిగువ సూచిక వస్తే స్వరం తగ్గించి, సంక్లిష్టమైన సమీకరణాన్ని భాగాలుగా విడదీసి వినిపిస్తుంది. దీనికి పేజీ అక్కర్లేదు, కావాల్సింది లోపలి నిర్మాణం. ఆ పని జరిగి ముప్పై ఏళ్లు దాటింది. మాథ్‌ఎమ్‌ఎల్ 1998లో వచ్చినా క్రోమ్ బ్రౌజర్ దాన్ని 2023 జనవరిలో గానీ నిలకడగా చూపలేకపోయింది. ఎన్నో పత్రికలు సమీకరణాన్ని ఈనాటికీ బొమ్మగానే పెడుతున్నాయి.

నష్టాలూ చిన్నవి కావు. కాగితపు సంపుటం కొన్న లైబ్రరీకి అది సొంతం. చందా ఆపినా పాత బీరువాలు ఎక్కడికీ పోవు. ఎలక్ట్రానిక్ చందా చాలా వరకు అద్దె. మన కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ఒన్ నేషన్ ఒన్ సబ్‌స్క్రిప్షన్ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300 పైచిలుకు సంస్థలకు అందిస్తోంది. చిన్న ఊరి ప్రభుత్వ కళాశాల విద్యార్థికి ఇది నిజంగా పెద్ద తలుపు. ఒప్పందం ముగిసిన మర్నాడు అప్పటిదాకా చదివిన సంవత్సరాల మీద ఆ సంస్థలకు ఏ హక్కు మిగులుతుందన్నది బేరం జరిగే గదిలో గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

నిలిచి ఉండడం ఇంకో సమస్య. కాగితపు పత్రిక వందల లైబ్రరీల్లో ఉంటుంది, ఒక చోట తగలబడితే మరో చోట దొరుకుతుంది. సర్వర్ ఒకటే ఉంటే, దాని అద్దె కట్టడం మానేసిన రోజున పత్రిక చరిత్ర ముగుస్తుంది. 2000 నుంచి 2019 మధ్య వెబ్ నుంచి పూర్తిగా మాయమైన 174 ఉచిత పత్రికలను పరిశోధకులు లెక్కగట్టారు. డీఓఐ ఉన్న డెబ్బై లక్షలకు పైగా రచనలను పరిశీలించి 2024లో వెలువడిన అధ్యయనంలో, దాదాపు 28 శాతం ఏ భద్రపరిచే వ్యవస్థలోనూ ఉన్నట్టు కనిపించలేదు. డీఓఐ ఉంటే శాశ్వతమని మన సంపాదకులు అనుకుంటారు. అది చిరునామా మాత్రమే, ఇల్లు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన లాక్స్ పద్ధతి లైబ్రరీలు ప్రతులను పంచుకుని దాచుకునేలా చేస్తుంది. కెనడాలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ మీద నడిచే పత్రికలకు అలాంటి భద్రత ఖర్చు లేకుండానే దొరుకుతోంది. చిన్న పత్రికలు దాన్ని వాడుకోకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు.

మన దేశంలో మంచి ఉదాహరణలు లేకపోలేదు. సి.వి. రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికల పాత సంపుటాలను మొదటి సంచిక నుంచి వెబ్‌లో ఉచితంగా పెట్టింది. ముంబయిలో మెడ్‌నో అనే చిన్న సంస్థ మన వైద్య సంఘాల పత్రికలను రచయితల దగ్గర రుసుము తీసుకోకుండా, అచ్చుతోపాటు వెబ్‌లోనూ ఉచితంగా నడిపించి చూపింది. 2011లో దాన్ని వోల్టర్స్ క్లూవర్ కొనుక్కుంది. ఇంత నైపుణ్యం మన ఊళ్లలోనే ఉండగా, మన సంఘాల పత్రికల్లో ఎన్నో ఇప్పటికీ డీటీపీ పేజీ నుంచి పీడీఎఫ్ తీసి సైటులో పెట్టడంతో ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

తెలుగులో సమస్య ఇంకో పొర లోతుగా ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు అదే ఏడాది వచ్చిన 7.0 చివరి వెర్షన్. దానికి యూనికోడ్ తెలుగు కూర్చడం రాదు. అందుకే మన పత్రికలు, పరిశోధన సంచికలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే సాగాయి. పేజ్‌మేకర్ వారసురాలైన ఇన్‌డిజైన్ 2012లో తెలుగును నేరుగా కూర్చగలిగాక కూడా ఆ అలవాటు పోలేదు. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టుకున్నవి. పేజీ చూడముచ్చటగా ఉంటుంది, దాన్నుంచి వాక్యం కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. వెతికితే ఏమీ దొరకదు. చదివి వినిపించే యంత్రం నోరు విప్పదు. కంప్యూటర్ మీదే పుట్టిన రచన కంప్యూటర్‌కు చదవరాకుండా పోయింది.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు చేస్తాయి, ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. అయినా పీడీఎఫ్ బొమ్మ నుంచి అక్షరాలు గుర్తించడం కన్నా ఇది చాలా నమ్మకమైన దారి. దానికి పేజ్‌మేకర్ మూలం ఫైలు కావాలి. ఇప్పటి ఇన్‌డిజైన్ ఆ ఫైళ్లను నేరుగా తెరవదు, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి వెతుక్కోవాలి. అలాంటి కంప్యూటర్లూ ఆ ఫైళ్లున్న సీడీలూ విజయవాడలో, హైదరాబాద్‌లో, ఒకప్పుడు ఈ పత్రికలకు కూర్పు చేసిన డీటీపీ ఆపరేటర్ల దగ్గర ఇంకా కొన్ని మిగిలాయి. సీడీలు పాడవుతున్నాయి, ఆపరేటర్లు ఆ వృత్తి వదిలి వెళ్లిపోతున్నారు. ఏ పత్రిక సంపాదకులైనా ఈ నెలలో చేయాల్సిన మొదటి పని, తమ పాత కూర్పరికి ఫోన్ చేసి ఆ ఫైళ్లు ఉన్నాయేమో కనుక్కోవడం.